నీకా, బండికా?

ఆ ట్రాక్టర్లు చలిదేశంలో పుట్టినవి. ఎండంటే ఏమిటో వాటికి తెలియదు. మొదటి బండి మా షెడ్డుకి వచ్చిన రోజు నేను పైకెక్కి చూశాను. చుట్టూ అద్దాల గది, తలుపు వేస్తే చీమ దూరే సందు లేదు. డ్రైవరు కాళ్ల దగ్గర ఒక గొట్టం. అదెందుకని అడిగితే, ఇంజను వేడి అందులోంచి వచ్చి కాళ్లని వెచ్చగా ఉంచుతుందన్నారు. మా దగ్గర పగలు కుళాయి తిప్పితేనే చెయ్యి చురుక్కుమంటుంది. ఇలాంటి చోటికి కాళ్లు కాచుకునే బండి పంపిన పెద్దమనుషులకి ఓ దండం పెట్టి కిందికి దిగాను.

"ఇందులో కూర్చున్నవాడు ఉడికి దిగుతాడు" అన్నాను.

"దిగడం ఎక్కడిదక్కా, గరిటె పెట్టి తియ్యాలి" అన్నాడు మా తమ్ముడు.

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా మా ఆయన నవ్వాడు.

మా ఆయన ఆ షెడ్డులో మేస్త్రి. ఇంజన్లు, రేడియేటర్లు ఆయన పని. నేను ఓ మూలన కుట్టుమిషను ముందు కూర్చుని సీట్లకి తొడుగులు, డ్రైవరు నెత్తి మీదికి టాపులు కుడతాను. మా తమ్ముడు బండి నడిపి చూస్తాడు. మేస్త్రి ఏ మార్పు చేసినా, దాన్ని పొలంలోకి దింపి బాగుందో లేదో చెప్పాల్సింది వాడే. పొడుగ్గా, సన్నగా, నల్లగా ఉంటాడని వాళ్ల బావ వాడికి పొగగొట్టం అని పేరు పెట్టాడు. ఇక అసలు పేరుతో పిలిచినవాడు లేడు. నా పెళ్లయిన కొత్తలో అక్కని చూసిపోదామని సంచి పట్టుకుని వచ్చినవాడు, బావ పక్కన కూర్చుని బోల్టులు అందిస్తూ అందిస్తూ ఉండిపోయాడు. "నిన్ను చేసుకున్నందుకు నాకు కలిసొచ్చింది వీడొక్కడే" అని మా ఆయన నన్ను ఉడికించేవాడు. "అయితే వాడి చేతే వండించుకు తిను" అనేదాన్ని నేను. వాడు మాత్రం ఇద్దరి మాటలూ విననట్టు కంచం ముందుకి జరుపుకునేవాడు.

ఆ బండ్లని మా ఎండకి అలవాటు చెయ్యడం మా షెడ్డు పని. ముందు అద్దాల గది కోసి పారేశారు. కాళ్ల దగ్గరి గొట్టం పీకేసి, ఆ కన్నానికి రేకు అతికారు. అక్కడి పల్చటి నూనె ఇక్కడ నీళ్లయిపోతుందని చిక్కటిది పోశారు. దుమ్ము ఇంజనులోకి పోకుండా గాలి పీల్చే గొట్టాన్ని ఎత్తులోకి లేపారు. రేడియేటరు ముందు ఊక, గడ్డి పేరుకోకుండా జల్లెడ బిగించారు. బురదలో దిగబడకుండా ఇనుప చక్రాలు తగిలించారు. ఒక్కొక్కటీ అవుతుంటే మా ఆయన మొహం చూడాలి, పిల్లకి బట్టలు కుట్టించినవాడిలా బండి చుట్టూ తిరిగేవాడు. ఆయనకి అన్నీ కుదిరాయి, ఒక్క వేడి తప్ప.

మా ఇంట్లో సూది అంటే రెండు అర్థాలు. నా సూది మిషనుది. ఆయన సూది డ్రైవరు ముందుండే గడియారంలాంటి దానిలోది. అది పచ్చలో ఉంటే ఇంజను చల్లగా ఉన్నట్టు, ఎర్రలోకి వెళ్తే కాగిపోతున్నట్టు. అన్నం తినేటప్పుడు కూడా వాళ్లిద్దరికీ అదే గోల. "సూది ఎక్కడుంది?" అని ఆయన, "పచ్చ చివర కూర్చుని ఎర్రవైపు చూస్తోంది బావా" అని వాడు. "మీ సూది తగలెయ్య, కూర ఎలా ఉందో ఒకరైనా చెప్పి చావండి" అని నేను.

షెడ్డులో ఇంజన్ల మోతకి పక్కవాడి మాట వినపడదు. పొలంలో అసలే వినపడదు. అందుకని అందరికీ సైగలు అలవాటు. బొటనవేలు నోటి దగ్గర పెడితే డీజిలు అయిపోయిందని. పిడికిలి గిరగిరా తిప్పితే బెల్టు తెగిందని. అరచెయ్యి నెత్తిన పెట్టుకుంటే ఇంజను వేడెక్కింది, నీళ్లు తెమ్మని. మా తమ్ముడు నెత్తిన చెయ్యి పెట్టినప్పుడల్లా మా ఆయన నీళ్ల డబ్బా పట్టుకుని తీరిగ్గా నడిచి వెళ్లి, "నీకా, బండికా?" అని అడిగేవాడు. ఎందుకంటే మా తమ్ముడికీ నాలాగే ముక్కు మీద కోపం. వాడు వేడెక్కితే బండి కంటే గట్టిగా పొగలు కక్కేవాడు. "నాకే బావా, నువ్వు బిగించిన పైపు చూసి" అనేవాడు. అది వాళ్లిద్దరికీ రోజూ ఉండే సరసం. ఆ మాట విని నవ్వి నవ్వి, చివరికి మాకు నవ్వడం కూడా విసుగైపోయింది.

అసలు చిక్కంతా ఫ్యానుతో వచ్చింది. చలిదేశపు ఫ్యాను ముందునుంచి గాలి లాక్కుని, రేడియేటరు గుండా, ఇంజను మీదుగా వెనక్కి తోస్తుంది. ఇంజను వేడంతా అలా డ్రైవరు ఒళ్లోకి వచ్చి పడుతుంది. అక్కడి వాళ్లకది సుఖం. ఇక్కడ మా తమ్ముడు సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా విప్పితే ఛాతీ, మోకాళ్లు కందిపోయి ఉండేవి. అది చూసి మా ఆయనకి ముద్ద దిగలేదు. మర్నాడే రెక్కల వాలు మార్చి వేరే ఫ్యాను చేయించాడు. గాలి ఇప్పుడు వెనకనుంచి ముందుకి పోతుంది, వేడి డ్రైవరుకి దూరంగా పోతుంది. ఆ రోజు మా తమ్ముడు బండి మీద కూర్చుని పాట పాడాడు. వాడి పాట వినేకంటే ఇంజను మోతే నయమని అందరం వాణ్ణి ఏడిపించాం.

కానీ ఇంజనుకి అది పడలేదు. రోడ్డు మీద బాగానే ఉండేది. బురదలో నెమ్మదిగా బరువు లాగుతుంటే మాత్రం సూది ఎర్రలోకి పోయేది. తన వేడిని తనే రేడియేటరు మీదికి ఊదుకుంటోంది కదా, ఇక నీళ్లెలా చల్లబడతాయి? పెద్ద రేడియేటరు పెడదామంటే బానెట్ లోపల చోటు లేదు. బండి ముక్కు ముందుకి సాగదీస్తే పడుతుందని మా ఆయనకి తోచింది. దానికి వ్యవధి కావాలి. వ్యవధే లేదు. బండ్లు పంపే కంపెనీ వాళ్ల పరీక్ష దగ్గరికొచ్చేసింది.

పరీక్ష అంటే ఇదీ. మండుటెండలో, బురద పొలంలో, సాయంత్రం దాకా బండి ఆగకుండా దున్నాలి. సూది ఎర్రలోకి పోకూడదు. నెగ్గితే ఇకముందు వచ్చే బండ్లన్నీ మా షెడ్డుకే వస్తాయి. ఓడితే వేరే షెడ్డుకి పోతాయి. మా ఓనరు షెడ్డుకి తాళం వేసుకోవడం ఖాయం. అది పోతే మా ముగ్గురి పనీ ఒకేసారి పోతుంది.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర మా తమ్ముడే ఎత్తాడు ఆ మాట.

"పాత ఫ్యానే పెట్టెయ్ బావా. సూది పచ్చలో ఉంటుంది. మిగతాది నేను చూసుకుంటా."

"నీ ఒళ్లో కుంపటి పెట్టినట్టుంటుంది రా" అన్నాడు మా ఆయన.

"ఒక్క రోజేగా."

నాకు ఒళ్లు మండిపోయింది. "బండికి ఎండదెబ్బ తగలకూడదని ఇన్నాళ్లుగా ఊడిగం చేస్తున్నారే, మనిషికి తగిలితే ఏం మారుస్తారు? వీడికి ఏ నూనె పోస్తారు?" అన్నాను.

"నేనేమన్నా చలిదేశం నుంచి దిగుమతి అయ్యానా అక్కా? ఈ ఎండలోనే పుట్టా. నాకు మార్పులేం చెయ్యక్కర్లేదు" అని వాడు నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "బావ చేసిన పని నా చేతిలో చెడిపోకూడదే" అన్నాడు.

మా ఆయన కంచం పక్కకి నెట్టాడు. "నిజంగా ఉండగలవుట్రా?" అని అడిగాడు. ఉంటానన్నాడు వాడు. "సరే, ఈ ఒక్క పరీక్షా అయిపోనీ. అది కాగానే ముక్కు సాగదీస్తా, నీకు గాలి తిప్పేస్తా" అన్నాడు ఆయన. ఆయన మాట మీద నిలబడే మనిషి. అందుకే నేను నోరు మూసుకున్నాను.

పరీక్ష రోజు కంపెనీ ఇంజనీరు గారు వచ్చారు. చెడ్డవాడేం కాదు, మెత్తగా మాట్లాడే మనిషి. నేను కుట్టిన టాపు చూసి బాగుందని మెచ్చుకుని, తీసెయ్యమన్నాడు. బండి ఎలా అమ్ముతారో పరీక్షలో అలాగే ఉండాలట, పైన అదనంగా గుడ్డ ముక్క కూడా పనికిరాదట. "తప్పదమ్మా, రూలు" అన్నాడు. ఇంజను మీద రేకు మూత ఉంటే తప్పు లేదు, మనిషి మీద గుడ్డ ఉంటే తప్పట. ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను. మా తమ్ముడే నన్ను పక్కకి లాగి, తలకి తువ్వాలు చుట్టుకుని బండెక్కాడు. టాపు మడత పెట్టి ఒళ్లో పెట్టుకుని నేను గట్టు మీద కూర్చున్నాను.

మధ్యలో ఆపడానికి లేదు. ఆపితే ఇంజను చల్లబడుతుంది, పరీక్ష మళ్లీ మొదటికొస్తుంది. కాసేపయ్యాక ఇంజనీరు గారే, "ఆపి నీడలో కూర్చోమనండి, రేపు మళ్లీ మొదలుపెడదాం" అన్నాడు కూడా. ఆ మాట అరిచి చెబితే మా తమ్ముడు ససేమిరా అన్నాడు. రేపు మళ్లీ ఈ కుంపటి ఎవడు మోస్తాడన్నాడు.

బండి గట్టు పక్కకి వచ్చినప్పుడల్లా నేను నీళ్ల సీసా అందించేదాన్ని. మొదట్లో నడుస్తున్న బండి మీంచే వంగి అందుకుని, సగం తాగి సగం నెత్తిన పోసుకున్నాడు. "బావకి చెప్పు, సూది నిద్రపోతోంది" అన్నాడు. తర్వాతసారి సీసా అందుకున్నాడు గానీ ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఇంకోసారి నన్ను చూడకుండానే వెళ్లిపోయాడు. పనిలో పడి ఉంటాడనుకున్నాను. అప్పటిదాకా ఒంటికి అంటుకుపోయి ఉన్న చొక్కా అప్పుడు పొడిగా గాలికి రెపరెపలాడుతోంది. గాలి తిరిగిందేమో, కాస్త హాయిగా ఉండి ఉంటుందనుకున్నాను.

పొద్దు వాలుతోంది. ఇంకాస్త ఓపిక పడితే అయిపోతుంది. బండి పొలం మధ్యలో ఆగింది. ఇంజను మోగుతూనే ఉంది. మా తమ్ముడు మావైపు తిరిగి అరచెయ్యి నెత్తిన పెట్టుకున్నాడు.

గట్టు మీద ఉన్న ప్రతి కన్నూ, నా కన్నుతో సహా, ఇంజనువైపే చూసింది. మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇన్నాళ్ల పనీ బూడిదలో పోసిన పన్నీరయిందనుకున్నాడు. నీళ్ల డబ్బా ఎత్తుకుని మోకాళ్ల లోతు బురదలో పడుతూ లేస్తూ పరిగెత్తాడు. రోజూ తీరిగ్గా నడిచి వెళ్లే మనిషి ఆ రోజు పరిగెత్తాడు. రోజూ అడిగే మాట ఆ రోజు అడగలేదు. సరాసరి బండి ముక్కు దగ్గరికి వెళ్లి, తడి గోనె వేసి రేడియేటరు మూత మెల్లగా తిప్పాడు. లోపల నీళ్లు నిండుగా ఉన్నాయి. చుట్టూ తిరిగి వెళ్లి సూది చూశాడు. పచ్చలోనే ఉంది. అక్కణ్నుంచే మావైపు తిరిగి, రెండు చేతులూ పైకెత్తి, "బండి బాగానే ఉంది సార్, వేడెక్కలేదు" అని కేకేశాడు. అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు ఆయన మొహంలో.

ఆయన వెనక మా తమ్ముడు సీటు మీంచి మెల్లగా పక్కకి ఒరిగాడు. చెయ్యి ఇంకా నెత్తి మీదే ఉంది. ఒరిగి, ఆ వేడి మడ్‌గార్డు మీదుగా బురదలోకి జారాడు.

ఇంజనీరు గారి కారులో వేసుకుని వెళ్లాం. వాడి తల నా ఒళ్లో ఉంది. ఒళ్లు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు. ఏవేవో మాట్లాడాడు. ఒకసారి నన్ను బావా అని పిలిచాడు. సూది ఎక్కడుంది అని నన్నే అడిగాడు. పచ్చలో ఉందని చెప్పాను. ఆ మాట విన్నాడో లేదో నాకు తెలియదు. ఆస్పత్రిలో పడుకోబెట్టిన కాసేపటికే వాడు పోయాడు.

"ఒంటి లోపల వేడి హద్దు దాటిపోయిందమ్మా. పడగానే అక్కడే నీళ్లు గుమ్మరించి ఉండాల్సింది, కొంచెం ఆశ ఉండేది" అన్నాడు డాక్టరు. ఆయన తప్పుగా ఏమీ అనలేదు, ఉన్నమాట చెప్పాడు. నా పక్కన మా ఆయన నిలబడి ఉన్నాడు. చేతిలో డబ్బా ఉంది. పొలంలోంచి కారులోకి, కారులోంచి ఆస్పత్రిలోకి, దాన్ని వదలకుండా పట్టుకునే వచ్చాడు. కుదుపులకి ఒలికింది పోగా అందులో ఇంకా నీళ్లున్నాయి.

బండి మధ్యలో ఆగినా, పరీక్ష నెగ్గినట్టే లెక్క వేశారు. సూది ఎర్రలోకి పోలేదు కదా. ఇంజనీరు గారు ఇంటికొచ్చి, నా ముందు కూర్చోలేక, గుమ్మంలోనే నిలబడి ఏడ్చి వెళ్లిపోయాడు. బండ్లు రావడం మొదలైంది. మా ఆయన అన్నమాట ప్రకారం బండి ముక్కు ముందుకి సాగదీసి, పెద్ద రేడియేటరు పెట్టి, ఫ్యాను తిప్పేశాడు. ఇప్పుడు సూదీ పచ్చలోనే ఉంటుంది, వేడీ డ్రైవరు మీదికి రాదు. రూలు కూడా మార్చారు. టాపు లేకుండా ఏ బండీ బయటికి పోకూడదట. అవి కుట్టేది నేనే. ప్రతి టాపూ కుడుతున్నప్పుడు, మడత పెట్టి ఒళ్లో ఉంచుకున్న ఆ మొదటిది గుర్తొచ్చి చెయ్యి ఆగిపోతుంది.

మా ఆయన మాట్లాడడం మానేశాడు. షెడ్డులో పనికి కావాల్సిన నాలుగు ముక్కలు, అంతే. ఇంట్లో అదీ లేదు. కుక్కిన పేనులా వచ్చి, పెట్టింది తిని, గోడవైపు తిరిగి పడుకుంటాడు. నేనూ పలకరించలేదు. ఆయన్ని చూస్తే కడుపు మండిపోయేది. రోజూ అడిగే వెధవ ప్రశ్న, నవ్వులాటకి అడిగే ప్రశ్న, అడగాల్సిన రోజున నోట్లోంచి ఎందుకు రాలేదయ్యా అని చొక్కా పట్టుకుని నిలదీయాలనిపించేది. తెల్లారి లేచి, మూడో కంచం తీసి కడిగి, మళ్లీ బోర్లించే ఆయన చేతులు చూస్తే ఆ కోపం నిలిచేది కాదు. అలాగని పోయేదీ కాదు. తిట్టాల్సినవన్నీ లోపలే వరసగా పేర్చుకుని కూర్చున్నాను.

నెత్తిన చెయ్యి పెట్టుకునే ఆ సైగ షెడ్డులో ఎవరూ చెయ్యడం లేదు. వద్దని ఎవరూ చెప్పలేదు, అదే పోయింది. ఇంజను వేడెక్కితే ఇప్పుడు బండి ఆపి, దిగి, నడిచొచ్చి నోటితో చెబుతున్నారు.

మొన్న మధ్యాహ్నం ఎండ రేకుల మీంచి దిగి షెడ్డంతా పొయ్యిలా ఉంది. నేను టాపు అంచు కుడుతున్నాను. కత్తెర కనపడలేదు. గుడ్డ కింద చూశాను, మిషను కింద చూశాను. ఎక్కడ పెట్టానా అని ఆలోచిస్తూ అరచెయ్యి నెత్తిన పెట్టుకున్నాను. అంతే, ఇంకేం లేదు.

షెడ్డు ఆ చివర ఏదో ఇనుము కింద పడిన చప్పుడైంది. తల తిప్పేసరికి మా ఆయన బండి కిందనుంచి పాక్కుంటూ బయటికొచ్చి, నీళ్ల డబ్బా అందుకుని, దారిలో ఉన్న చక్రానికి తట్టుకుని, పడబోయి, నిలదొక్కుకుని పరిగెత్తుకొస్తున్నాడు. నా ముందుకొచ్చి ఆగాడు. గుండె ఎగసి పడుతోంది.

"నీకా?" అని అడిగాడు.

ఎన్నాళ్లకి విన్నానో ఆ గొంతు. బొంగురుపోయి ఉంది, పరాయివాడి గొంతులా ఉంది. తిట్లన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. ఆయన కళ్లు నా మొహం మీదే ఉన్నాయి. అటు ఇంజన్లు మోగుతున్నాయి, ఆయన అటు చూడలేదు.

నాకేమీ కాలేదు. కత్తెర కోసం వెతుక్కుంటున్నాను, అంతే.

"నాకే" అన్నాను.

ఆయన దగ్గరికొచ్చాడు. నీళ్లు కళ్లల్లో పడకుండా నా నుదుటికి ఒక చెయ్యి అడ్డం పెట్టాడు. రెండో చేత్తో డబ్బా వంచి, మెల్లగా, నెత్తి మీంచి పోయడం మొదలుపెట్టాడు. కుడుతున్న టాపు తడిసిపోయింది, మిషను తడిసిపోయింది. ఎవరో ఇంజను ఆపారు. డబ్బా ఖాళీ అయ్యేదాకా ఆయన పోస్తూనే ఉన్నాడు, నేను తల వంచుకుని కూర్చునే ఉన్నాను.